కాపలా బిళ్ళ

కిందటి వారం పెట్టెలమ్మను మేడమీద గదిలో, చేతిలో స్క్రూడ్రైవరుతో, తెల్లరంగు పూసిన ఓ పాత టీవీ ముందు కూర్చోబెట్టి వదిలేశాం. ఎదురుగా స్టూలు మీద టైలరమ్మ. గుమ్మంలో ఆయాసపడుతూ మామయ్య. డెబ్బై నాలుగేళ్ళ మనిషి అన్ని మెట్లు ఎక్కి వచ్చి, మంచినీళ్ళు అడగలేదు, కూర్చోలేదు. "ఆ మూత తియ్యకు తల్లీ" అన్నాడు. అక్కడ ఆగాం.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళు ఉంటారు కాబట్టి నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. పెట్టెలమ్మకు యాభై ఏళ్ళు. వారంలో ఆరు రోజులు ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేస్తుంది. ఏడో రోజు తుక్కు కొట్లు తిరుగుతుంది. ఫ్రిజ్‌లూ ఫ్యాన్లూ ఆమెకు అక్కర్లేదు. పైన పట్టుకోవడానికి పిడి, వెనక లాగితే పొడుగయ్యే ఏరియల్ కడ్డీ ఉన్న చిన్న టీవీ పెట్టెలే కావాలి. ఎక్కడికంటే అక్కడికి చేత్తో పట్టుకుపోయే రకం, ఇప్పుడు ఎవరికీ అక్కర్లేని రకం. అందుకే తుక్కు కొట్ల వాళ్ళు ఆమెకు ఆ పేరు పెట్టారు. వెనకాల ఇంకో పేరు కూడా ఉంది గానీ అది అచ్చువేసే పేరు కాదు.

ఆ మేడమీద గది నిండా అవే. గోడ పొడుగునా అరల్లో నూట పదకొండు. పచ్చసొన రంగువి, ఇటుకరంగువి, తెర పగిలినవి, పిడి విరిగినవి, ఎలుకలు కాపురం పెట్టి ఖాళీ చేసినవి. కంపెనీ పేరున్న రేకు ఊడిపోయినా, రంగు మార్చినా, ఒకదాని పొట్టలో ఇంకోదాని పేగులు పెట్టి కుట్టినా సరే, ఛానల్ బుడిపె తిప్పితే వచ్చే చప్పుడును బట్టి, వెనక మూత మరల మధ్య దూరాన్ని బట్టి అది ఏ ఏటి సరుకో పెట్టెలమ్మ చెప్పేస్తుంది. చూసినవాళ్ళు అదేదో సరదా అనుకుంటారు. సరదా కాదు. ఇరవై ఏళ్ళుగా ఆమె వెతుకుతున్నది ఒక్క టీవీ కోసం.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఓ ఇల్లాలు ఇల్లు తుడుస్తూ తడి చేత్తో అలాంటి టీవీ ఏరియల్ కడ్డీ పట్టుకుంది. మళ్ళీ వదల్లేదు. ఒళ్ళో పాలు తాగే ఎనిమిది నెలల పిల్ల ఉన్న మనిషి. చావుకు పదకొండు రోజుల ముందు ఆ టీవీ మన పెట్టెలమ్మ నాన్న షాపులో బాగుపడి వెళ్ళింది. కోర్టులో ఆయన వాదించలేదు, బతిమాలలేదు. నేనే బాగుచేశాను, తప్పు నాదే అన్నాడు. రెండేళ్ళు జైలు. తిరిగి వచ్చాక సోల్డరింగు కడ్డీ ముట్టుకోలేదు. ఆరేళ్ళు కిటికీ దగ్గర కూర్చుని పోయాడు.

కూతురు మాత్రం ఒక్కరోజు కూడా నమ్మలేదు. నాన్న చేతి పని ఆమెకు తెలుసు. ఆయన బాగుచేసిన ప్రతి సెట్టు మూత లోపలి వైపున పెన్సిలుతో తేదీ, జబ్బు, చేసిన వైద్యం, కింద పొడి అక్షరాల సంతకం రాసేవాడు. రాయకుండా సెట్టు షాపు గుమ్మం దాటదు. అంత జాగ్రత్త మనిషి చేసే తప్పు కాదది. నాన్న కాకపోతే ఆయన పక్కన కూర్చుని పనిచేసిన మామయ్య. అమ్మకు తమ్ముడు. ఇంతే ఆమె లెక్క. ఆ లెక్కతోనే ముప్పై ఏళ్ళు మామయ్యతో ముభావంగా మాట్లాడింది, పండూ ఫలమూ తెస్తే పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది, నాన్న పోయినప్పుడు కూడా ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు.

సాక్ష్యంగా పట్టుకెళ్ళిన టీవీని ఆ తర్వాత ఎప్పుడో తుక్కు కింద అమ్మేశారు. కోర్టు కాగితంలో దాని ఏడంకెల నంబరు మాత్రం మిగిలింది. పోయిన వారం పగిలిపోయిన బట్టలుతికే మిషన్ల గుట్ట కింద ఓ తెల్ల టీవీ దొరికింది. గోకితే లోపల ఇటుకరంగు. అడుగు రేకు మీద గుద్దిన నంబరు చూస్తే ఏడుకు ఏడూ కలిశాయి. ఆ సాయంత్రమే పెట్టెలమ్మ చనిపోయినావిడ చెల్లెలికి కబురు పంపింది. మీ అక్కను చంపింది మా నాన్న కాదు, ఎవరో మీ కళ్ళతో మీరే చూద్దురు గాని రండి అని. ఆ చెల్లెలే ఈ టైలరమ్మ. మామయ్యకు ఎవరు చెప్పారో ఏమో, పిలవకుండానే వచ్చాడు.

ఎందుకు తియ్యకూడదని పెట్టెలమ్మ అడిగింది. మామయ్య తలుపు గడియ పట్టుకుని నిలబడి, మూతను చూస్తాడు, ఆమెను చూస్తాడు, మళ్ళీ మూతను చూస్తాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే కదా అని పెట్టెలమ్మకు లోపల ఓ చేదు సంతోషం కలిగింది. అలాంటి సంతోషం మంచిది కాదని ఆమెకూ తెలుసు. అయినా ముప్పై ఏళ్ళు దాచుకున్న కసి, ఒక్క నిమిషం అనుభవించనివ్వండి.

"తియ్యమ్మా" అంది టైలరమ్మ. "ఇన్నేళ్ళు ఆగినదాన్ని, నాలుగు మరలు ఊడేదాకా ఆగలేనా."

నాలుగో మర రంగులో కూరుకుపోయింది. బ్లేడుతో గీకి, నూనె చుక్క వేసి, కాసేపు ఆగి తిప్పాల్సి వచ్చింది. మూత ఊడి వచ్చేసరికి కాలిన దుమ్ము వాసన గుప్పుమంది. పెట్టెలమ్మ మూతను తిరగేసి కిటికీ వెలుగులోకి పట్టింది.

నాన్న రాత.

మూడు వరుసలు. సున్నాను కోడిగుడ్డులా పక్కకు వాల్చి రాసే అలవాటు, ఏడుకు నడుం మీద అడ్డగీత. మొదటి వరుస: శబ్దం లేదు, స్పీకరు తీగ. రెండోది: బొమ్మ జారుతోంది. మూడోది: స్విచ్చి మార్చాను. ఆ మూడో వరుస తేదీ, ఆ ఇల్లాలి చావుకు దాదాపు రెండేళ్ళ ముందుది. దాని కింద ఖాళీ. రాయడానికి ఇంకా బోలెడు జాగా ఉంది గానీ ఏమీ రాయలేదు.

పెట్టెలమ్మ ఆ మూతను టైలరమ్మ ఒళ్ళో పెట్టి ఒక్కో వరుసా వేలు పెట్టి చదివింది. చావుకు పదకొండు రోజుల ముందు నాన్న ఈ సెట్టు తెరిచి ఉంటే ఇక్కడ నాలుగో వరుస ఉండాలి. లేదు. అంటే ఆయన ముట్టుకోలేదు. కోర్టు నమ్మింది ఆయన నోటిమాటనే, ఈ మూత ఎవరూ చదవలేదు. టైలరమ్మ కళ్ళద్దాలు సరిచేసుకుని రాతను రెండుసార్లు చదివింది. తర్వాత నెమ్మదిగా తలతిప్పి గుమ్మంలో ఉన్న ముసలాయన్ని చూసింది.

"అయితే ఎవరు ముట్టుకున్నట్టు?"

"అదే ఇప్పుడు చూపిస్తాను" అంది పెట్టెలమ్మ.

చూపించడానికి ముందు కాస్త వివరం చెప్పాలి. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఆ రకం టీవీల్లో లోపలి రేకుకీ గోడలోంచి వచ్చే కరెంటుకీ మధ్య అడ్డు ఉండదు. రెండు కాళ్ళ ప్లగ్గు ఒకలా గుచ్చితే రేకులో కరెంటు ఉండదు, తిప్పి గుచ్చితే ఉంటుంది. పైకి ప్లాస్టిక్కు పెట్టె కాబట్టి మనిషికి తగలదు. పెట్టెలోంచి బయటికి పొడుచుకొచ్చే ఇనుము ఒక్కటే, ఏరియల్ కడ్డీ. అందుకని దాని మొదట్లో గోధుమరంగు బిళ్ళ ఒకటి పెడతారు, వేలిగోరంత ఉంటుంది. బొమ్మను లోపలికి రానిస్తుంది, కరెంటును బయటికి పోనివ్వదు. పెట్టెలమ్మ నాన్న దాన్ని కాపలా బిళ్ళ అనేవాడు. బిళ్ళ పాడైతే తెరంతా చీమల్లా చుక్కలు పడతాయి. బిళ్ళ తీసేసి ఆ చోట ఉత్త తీగముక్క వేస్తే బొమ్మ అద్దంలా వస్తుంది, కానీ ఇక కాపలా ఉండదు. ప్లగ్గు సరిగ్గా ఉన్నన్నాళ్ళూ ఏమీ కాదు. ఎవరో ఓ రోజు తుడవడానికి ప్లగ్గు పీకి, తిప్పి గుచ్చేదాకా.

పెట్టెలమ్మ టార్చి వేసి ఏరియల్ మొదట్లోకి వంగింది. బిళ్ళ లేదు. ఆ చోట తీగముక్క ఉంది, అంగుళం పొడవు. ఆమె ఊహించినట్టే ఉంది. "రండి, చూడండి" అనడానికి నోరు తెరిచింది.

నోరు తెరుచుకునే ఉండిపోయింది.

తీగను లోపలి చిన్న రేకు కొక్కేనికి అతికించేముందు దాని చుట్టూ రెండు చుట్లు చుట్టి, ఆపైన సీసం కరిగించి పోస్తారు. అందరూ అలాగే చేస్తారు. కుడిచేతి వాటం మనిషి చుడితే చుట్టు గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. ఎవరూ కావాలని చేసేది కాదు, చెయ్యి అలా పోతుందంతే. ఈ తీగ అటు తిరగలేదు. రెండు కొక్కేలకూ ఎదురు తిరిగింది. సీసం పలుచగా ఉండటంతో చుట్లు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి.

పెట్టెలమ్మది పుట్టుకతో ఎడమచేతి వాటం. బడిలో పంతులు వేళ్ళ మీద కొట్టి రాత మార్పించాడు గానీ, షాపులో నాన్న పని మార్పించలేదు. ఏ చెయ్యి తిన్నగా పోతే ఆ చేత్తోనే చెయ్యి అన్నాడు. ఆ షాపులో మూడో చెయ్యి ఒకటి ఉండేదని, కాలేజీ అయ్యాక సాయంత్రాలు వచ్చి కూర్చునేదని, ఇన్నేళ్ళ లెక్కలో ఆమె ఒక్కసారి కూడా వేసుకోలేదు. ఎవరు మాత్రం వేసుకుంటారు?

ఆ సాయంత్రం ఇప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ రావడానికి దానికి పనేమీ లేక రాలేదు. పంతొమ్మిదేళ్ళు. బయట వాన. నాన్న సామాన్లకు వెళ్ళాడు, మామయ్యకు జ్వరం. ఎవరో మనిషి గొడుగు కింద పెట్టుకుని ఇటుకరంగు సెట్టు తెచ్చి, తెరంతా చీమలండీ అని చెప్పి వెళ్ళిపోయాడు. అలాంటివి వారానికి నాలుగు వచ్చేవి. తెరిస్తే కాపలా బిళ్ళ పగిలి ఉంది. సొరుగులో కొత్తది లేదు. జబ్బు అదేనా కాదా తేల్చుకుందామని బిళ్ళ పీకి తీగముక్క వేసింది. బొమ్మ ఎంత బాగా వచ్చిందంటే, నాన్న లేకుండా తానే పట్టేశానని ఒంటరిగా చప్పట్లు కొట్టుకుంది.

తాత్కాలికం పనులకు షాపులో ఒక పద్ధతి ఉండేది. మూత మీద రాయకూడదు, రాస్తే పని పూర్తయినట్టు. పిడికి ఎర్రగుడ్డ పీలిక కట్టాలి. పీలిక ఉన్న సెట్టును ఎవరు అడిగినా ఇవ్వకూడదు. కట్టిందా? మూత బిగించడం గుర్తుంది. కరెంటు పోవడం గుర్తుంది. పీలికల డబ్బా కోసం చీకట్లో తడుముకోవడం గుర్తుంది. ఆ తర్వాత ఇంకేమీ గుర్తు లేదు. పీలిక లేని సెట్టు, మంచి బొమ్మ వస్తున్న సెట్టు, మర్నాడు నాన్న దగ్గరికి ఆ మనిషి వస్తే, మూత లోపల కూతురు రాసే ఉంటుందనుకుని ఆయన ఇవ్వకుండా ఎందుకు ఉంటాడు?

టార్చి వెలుగు గోడ మీద వణకడం మొదలుపెట్టింది. ఏమైంది, ఏముందక్కడ అని టైలరమ్మ అడుగుతోంది.

"నేనే" అన్నాడు మామయ్య.

గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు. టైలరమ్మ ముందు నిలబడి చేతులు కట్టుకున్నాడు. ఆ తీగముక్క తానే వేశానని, కొత్త బిళ్ళ తెచ్చేదాకా ఆగుదామనుకుని మర్చిపోయానని, పోలీసులు వచ్చేసరికి భయపడి బావను ముందుకు తోశానని గడగడా చెప్పేశాడు. ఒప్పజెప్పిన పాఠంలా చెప్పాడు. ఎన్నేళ్ళ నుంచి తయారుగా పెట్టుకున్నాడో.

టైలరమ్మ బట్టలు కుట్టి కుట్టి కాయలు కాచిన వేళ్ళతో ఒళ్ళోని మూతను, దాని మీది పెన్సిలు రాతను తడుముతూ కూర్చుంది. మాట్లాడినప్పుడు మామయ్యతో కాదు, పెట్టెలమ్మతో మాట్లాడింది.

"మీ నాన్న జైలు నుంచి వచ్చిన మూడో రోజు మా గుమ్మంలోకి వచ్చాడు. ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు. కాలి చెప్పు తీసి చెంప మీద కొట్టాను. వీధంతా చూస్తోంది. ఆయన మొహం కూడా పక్కకు తిప్పలేదు. అది చూసి ఇంకా ఒళ్ళు మండి రెండోది కొట్టాను." పెన్సిలు రాత మీద అరచెయ్యి ఆనించింది. "ఏ తప్పూ చెయ్యని మనిషిని కొట్టాను. ఇప్పుడు నేనెవరి కాళ్ళు పట్టుకోవాలి, చెప్పు."

ఆ రోజు నాన్న చెంప వాచి ఇంటికి రావడం పెట్టెలమ్మకు తెలుసు. తలుపు తగిలిందన్నాడు. తలుపు రెండుసార్లు తగులుతుందా నాన్నా అని కూతురు నవ్వింది కూడా. ఆ నవ్వు గుర్తొచ్చి ఇప్పుడు ఆమెకు తన మీద తనకు అసహ్యం వేసింది.

ఇక్కడ ఒక్కమాట. ఆమె నోరు మూసుకుని కూర్చుంటే చాలు, అంతా సర్దుకుపోతుంది. ముప్పై ఏళ్ళుగా కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది. నాన్న పేరు కడిగిన ముత్యమైంది, తప్పు ఒప్పుకున్న మనిషి ఎదురుగా ఉన్నాడు, చనిపోయినావిడ చెల్లెలు నమ్మింది. మామయ్య ఆమె వైపే చూస్తున్నాడు. ఊరుకో తల్లీ, ఊరుకో అన్న చూపు అది. ఆ చూపును ముప్పై ఏళ్ళుగా దోషి చూపు అనుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అని కూడా ఆమెకు తోచింది. పోయినావిడ పోయింది, నాన్న పోయాడు, మిగిలిన ఈ ముసలాయన ఎన్నాళ్ళుంటాడని. అలా తోచిందని దాచడం ఎందుకు, మనిషే కదా.

పెట్టెలమ్మ లేచి సొరుగులోంచి రాగితీగ చుట్ట తీసింది. రెండు ముక్కలు తుంచింది. పాత టీవీలోంచి ఊడదీసిన పనికిరాని సర్క్యూట్ పలక ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, "మామయ్యా, ఈ కొక్కేనికి చుట్టు" అంది.

ఆయన కదల్లేదు. ఇప్పుడెందుకివన్నీ, ఒప్పుకున్నాను కదా అన్నాడు. చేతులు వణుకుతున్నాయి, కళ్ళు ఆనవు అన్నాడు. పెట్టెలమ్మ ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి చేసిన పని, కళ్ళు మూసుకుని చెయ్యి చాలు అంది. టైలరమ్మకు ఏదో అనుమానం తగిలింది. మూత కింద పెట్టి, చుట్టండి పెద్దాయనా అని ఆమె కూడా అంది. ఇక తప్పలేదు. మామయ్య తీగముక్క అందుకుని, ఎదురు తిప్పాలని చూశాడు. వేళ్ళు వినలేదు, తీగ జారింది. రెండోసారి అలవాటు ప్రకారం చెయ్యి తనంతట తానే పోయింది. రెండు చుట్లూ గడియారం ముల్లు వైపు తిరిగాయి.

రెండో ముక్క పెట్టెలమ్మ ఎడమ చేత్తో తీసుకుంది. పక్క కొక్కేనికి రెండు చుట్లు చుట్టింది. పలకను టీవీ పక్కన పెట్టి, టార్చి ఏరియల్ మొదట్లోకి వేసి పట్టుకుంది.

టైలరమ్మ వంగి చూసింది. ఏమీ విప్పి చెప్పాల్సిన అవసరం రాలేదు. నలభై ఏళ్ళుగా దారం ఎటు నుంచి ఎటు పోయిందో చూసి ఏ కుట్టు ఎవరు కుట్టారో చెప్పే మనిషికి, రాగితీగ ఒక లెక్కా? మామయ్య చుట్టు చూసింది. టీవీలో చుట్టు చూసింది. పెట్టెలమ్మ చుట్టు చూసింది. మళ్ళీ టీవీలో చుట్టు చూసింది. చూసి స్టూలు మీద కూర్చోబోయి, స్టూలు ఎక్కడుందో తెలియక బల్ల అంచు పట్టుకుంది.

"నువ్వు" అంది.

"నేనే. ఇప్పుడే తెలిసింది. ఈ మూత తీసేదాకా నాకు తెలియదు. నమ్మమని అడగను."

మామయ్య గోడకానుకుని కిందికి జారి కూర్చున్నాడు. దాచడానికి ఇంకేమీ లేదు కాబట్టి నేల వంక చూస్తూ చెప్పుకుపోయాడు. సెట్టు తెరిచి చూపించమని పోలీసులు స్టేషనుకు పిలిస్తే బావతో తాను కూడా వెళ్ళాడు. టార్చి పట్టింది తనే. బావ ఒక్క నిమిషం లోపలికి చూశాడు, మూత వేశాడు, నేనే అన్నాడు. మర్నాడే కూతుర్ని పరీక్షల పేరు చెప్పి పిన్ని ఇంటికి పంపేశాడు, కోర్టు దరిదాపులకు రానివ్వలేదు.

"ఎందుకు బావా అని అడిగాను. ‘తెలిస్తే దాని చేతులు వణకడం మొదలెడతాయిరా, ఇక జన్మలో ఏ పనీ చెయ్యలేదు’ అన్నాడు. ఒట్టు కూడా వేయించుకోలేదు. ఆ మాట చాలదా."

పెట్టెలమ్మ తన చేతులు చూసుకుంది. ఇవాళ్టిదాకా ముప్పై ఒక్క ఏళ్ళలో అవి ఎన్నడూ వణకలేదు. వాటిని నమ్మే ఆసుపత్రిలో రోగుల మంచాల పక్కన యంత్రాలు పెడుతున్నారు. నాన్న ఇచ్చిన ఆ చేతులతోనే ఇరవై ఏళ్ళు తుక్కంతా తవ్వి, ఆయన పాతిపెట్టిన దాన్ని బయటికి లాగింది. ఏడుపు రాలేదు. ఏడిస్తే కాస్త తేలికవుతుందేమో, అలా తేలిక కావడానికి తనకు హక్కు లేదనిపించింది.

టైలరమ్మ అరవలేదు, తిట్టలేదు. అరిచే శక్తినంతా ఎప్పుడో వేరే గుమ్మంలో ఖర్చుపెట్టేసింది కదా. కొంగుతో మొహం తుడుచుకుని, కింద మా అక్క కూతురు ఉంది అంది. దోషి ఎవరో చూపిస్తానని వెంటపెట్టుకుని వచ్చిందట. ముందు తాను చూసి, నిజమే అయితే అప్పుడు పిలుద్దామని వీధిలోనే నిలబెట్టిందట. నువ్వే చెప్పు దానికి, నా నోటితో నేను చెప్పను అంది. పెట్టెలమ్మ ఔననీ కాదనీ అనేలోపే కిటికీ దగ్గరికి వెళ్ళి, పైకి రమ్మని చెయ్యి ఊపింది.

వచ్చిన అమ్మాయికి ముప్పై రెండేళ్ళుంటాయి. తల్లి ఆ వయసు చూడలేదు. నూలు చీర, భుజాన సంచి, వీధి ఎండకు ఎర్రబారిన మొహం. గది నిండా ఉన్న టీవీల వైపు కన్నెత్తి చూడలేదు. బల్ల మీద మూత ఊడదీసి ఉన్నదాన్ని మాత్రం చూసింది. దగ్గరికి వెళ్ళింది. ఏరియల్ కడ్డీ మొదలు దగ్గర వేలు ఆనించబోయి, ఆనించకుండా వెనక్కి తీసుకుంది. తర్వాత గోడవారగా లేచి నిలబడుతున్న ముసలాయన వైపు తిరిగింది. దోషిని చూడ్డానికే ఇంత దూరం వచ్చింది, గదిలో ఉన్న మగమనిషి ఆయనొక్కడే.

"మీరేనా?"

"నేనేనమ్మా" అన్నాడు మామయ్య, ఇంకెవరికీ నోరు తెరిచే వ్యవధి ఇవ్వకుండా.

ఆ అమ్మాయి వంగి కాలి చెప్పు తీసింది. మామయ్య మొహం పక్కకు తిప్పలేదు, కళ్ళద్దాలు మాత్రం తీసి జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. టైలరమ్మ అడ్డుపడలేదు. అక్క కూతుర్ని చూడటం లేదు, ముసలాయన్ని చూడటం లేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని పెట్టెలమ్మనే చూస్తోంది.

పెట్టెలమ్మ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, మామయ్యను పక్కకు జరిపి, ఆయన నిలబడిన చోట తాను నిలబడింది.

"ఆయన్ని కాదమ్మా" అంది. "ఆ దెబ్బ నాది."

చెప్పు పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగింది. ఆ అమ్మాయి ఆమెను కింది నుంచి పైకి ఒకసారి చూసింది, మొదటిసారి చూస్తున్నట్టే చూసింది.

"మీరెవరు?" అని అడిగింది.